తోకను చూసి నవ్విన కొలువు

ఈ మంగళవారం సుందరకాండలో ఒక్క చోట ఆగాలని ఉంది. దూతగా వచ్చిన హనుమంతుణ్ని చంపరాదని విభీషణుడు అడ్డుపడ్డాక రావణుడు వేరే శిక్ష ఆలోచించాడు. కోతులకు తోకే అలంకారం కాబట్టి దాన్ని కాల్చమన్నాడు. అంతటితో ఊరుకోలేదు. అవయవం చెడి, దీనంగా తిరిగివెళ్లే ఇతణ్ని చుట్టాలూ స్నేహితులూ చూడాలన్నాడు. సొంతవాళ్ల ముందు తలెత్తుకోలేకపోవడం కాలిన గాయం కన్నా ఎక్కువ బాధిస్తుందని అతనికి తెలుసు. అంతకుముందు నందీశ్వరుడి వానరముఖం చూసి నవ్వి, వానరుల వల్లే నీ కులం నశిస్తుందన్న శాపం తెచ్చుకున్నదీ అతనే. ఆ బుద్ధి పోలేదు.

లంకలో ఒంటిని వెక్కిరించే ఆ పని పగవాడు చేశాడు. మన దగ్గర మేనత్తలూ చిన్నాయనలూ చేస్తున్నారు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల, ఏ ఊరి పెళ్లికైనా వెళ్లండి. "ఏం తినవెడుతున్రే, గింత దొడ్డుగైంది?" "గిట్ల కర్రెగుంటే ఎవలు చేసుకుంటరు?" పిల్ల ముఖం మాడితే, "నవ్వులకన్న తియ్!"

ఆ మాటలు పదే పదే పడ్డ పిల్లకు అందరి చూపూ తన ఒంటి మీదే ఉన్నట్టనిపిస్తుంది. ఫొటోలో వెనక్కి జరుగుతుంది. తరగతిలో లేచి జవాబు చెప్పదు. పదిమందిలో అన్నం ముట్టదు. నలుగురిలోకి పోవడం మానేస్తే, తనను మామూలుగా చూసేవాళ్లూ ఉంటారని తెలిసేదెట్లా? ఇక మిగిలేవి అద్దం, ఫోనులో ఫిల్టర్లు పెట్టిన ముఖాలు. వెక్కిరింపు జంకును పెంచుతుంది, జంకు ఒంటి మీద ఏవగింపును పెంచుతుంది.

హనుమంతుడు భరించలేదా అని పిల్లలకే నీతి చెప్పే పెద్దలున్నారు. అక్కడ ఆ మంట చల్లగా తగలాలని సీతమ్మ అగ్నిని వేడుకుంది. మీ ఇంట్లో ఆ పిల్ల కోసం వేడుకున్నది ఎవరు?

కొండగట్టు మీద మనం మొక్కే విగ్రహంలో ఒక పక్క నారసింహ ముఖం, ఇంకో పక్క ఆంజనేయ ముఖం. ఒకటి సింహానిది, ఒకటి వానరుడిది. వాటి ముందు సాగిలపడి లేచి, కొండ దిగకముందే పక్కింటి పిల్ల రంగు గురించి మాట్లాడతాం. పిల్లలతో తలనీలాలు ఇప్పిస్తాం. అది స్వామికి ఇచ్చిన మొక్కు. మర్నాడు బడిలో అదే గుండు మీద మొట్టికాయలు పడుతుంటే పంతుళ్లు చూసీ చూడనట్టు ఊరుకుంటారు. నాకు అన్నిటికన్నా కష్టంగా తోచేది ఇదే.

మనసు చెదిరినవాళ్లు స్వామి సన్నిధిలో 41 రోజులుంటే నిమ్మళిస్తారని ఈ ప్రాంతపు నమ్మకం, నాదీ అదే నమ్మకం. కానీ మండలం పాటు ప్రదక్షిణలు చేయించి, ఇంటికి తీసుకుపోయి మళ్లీ "దొడ్డుదానా" అని పిలిస్తే స్వామి ఏం చేయాలి? వైశాఖ బహుళ దశమి నాటి పెద్ద హనుమాన్ జయంతి కోసం మాల వేసుకునే స్వాములు మాంసం మానేస్తారు, చెప్పులు విడుస్తారు. ఒంటి మీద మాటలు కూడా మానేయమని అడుగుతున్నాను.

ఇప్పటికే గది దాటి రాని పిల్లలుంటే మొక్కుతో పాటు వైద్యుడి దగ్గరికీ తీసుకుపోండి. 2022 అక్టోబరులో మొదలైన మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్‌కు, 14416కు, ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు. తెలుగులో మాట్లాడతారు. పిల్లే చేయాలని లేదు, తల్లిదండ్రులు చేసినా వింటారు.