ఏ సినిమాలో ఉన్నామో ఎవరు చెప్పాలి?

ఒక అబ్బాయి ఒక అమ్మాయి వెనకాల నడుస్తుంటాడు. బస్టాండు దాకా వస్తాడు. ఆమె ఎక్కిన బస్సే ఎక్కుతాడు. ఇల్లెక్కడో కనుక్కుంటాడు. వాళ్ల నాన్న ఎన్నింటికి బయటికి వెళ్తాడో, ఆమె మేడ మీదికి ఎప్పుడొస్తుందో అన్నీ తెలుసుకుంటాడు. ఒక రాత్రి గోడ దూకి కిటికీ దగ్గర నిలబడతాడు. ఇది ప్రేమకథా, హత్యకథా? ఇంతవరకూ చెప్పినదాన్ని బట్టి ఎవరూ తేల్చలేరు. వెనకాల వయొలిన్లు మోగితే టీనేజ్ ప్రేమకథ. పియానో మీద ఒకే స్వరం ఆగి ఆగి వినిపిస్తే సైకో థ్రిల్లర్. చేసిన పని మాత్రం రెండింటిలోనూ ఒక్కటే.

సినిమా విమర్శలో ఈ రెండు రకాల సినిమాలనీ వేర్వేరు అరల్లో పెడతాం. ఒకటి యువతరం ప్రేమ, ఇంకోటి నేర మనస్తత్వం. ఫ్లోరైడ్ నీళ్లకీ వలసలకీ తప్ప పెద్దగా పేపర్లకెక్కని మా కనిగిరి ఆడపిల్లలకి అవి వేర్వేరు కావు. పామూరు, వెలిగండ్ల, సి.ఎస్.పురం వైపు నుంచి పొద్దున్నే బస్సెక్కి చదువుకోవడానికి వచ్చే పిల్లలు ఇయర్‌ఫోన్ చెరో చెవిలో పెట్టుకుని రెండు రకాలూ చూస్తారు. బస్సు దిగాక వెనకాల అడుగుల చప్పుడు వినిపిస్తే, అతను ఏ సినిమాలోవాడో వాళ్లే ఊహించుకోవాలి. అక్కడ సంగీతం ఉండదు. ఈ పిల్లలకి చాలా ఏళ్లుగా తెలుగు పాఠం చెప్తున్న నన్ను వేధిస్తున్న ప్రశ్న ఇది: తాను ఏ సినిమాలో ఉందో తెలుసుకోవలసిన బాధ్యత ఆ అమ్మాయిదేనా?

ముందు ప్రేమకథల సంగతి చూద్దాం. 2000లో 'చిత్రం', 2001లో 'నువ్వు నేను', 2002లో 'జయం'. తేజ తీసిన ఈ సినిమాలు చదువుకునే వయసు పిల్లల్ని తెర మధ్యకి తెచ్చాయి. డబ్బు మీదా, పెద్దల అహంకారం మీదా పిల్లలు తిరగబడడం వాటిలో ఉంది. దాన్ని నేను తక్కువ చేయను. కానీ 'జయం'లో నాయిక చుట్టూ ఉన్న ఇద్దరు మగవాళ్లని చూడండి. చిన్నప్పటి నుంచీ ఆమె నాదేనని ఖాయం చేసుకున్న బావ ఒకడు. రైల్లో చూసి మనసు పారేసుకుని వెంటపడినవాడు ఇంకొకడు. మొదటివాడు విలన్, రెండోవాడు హీరో. తేడా ఎక్కడుంది? ఆమె రెండోవాణ్ణి ఇష్టపడింది కదా అంటారు. నిజమే, అదే అసలైన తేడా. కానీ ఆ ఇష్టం తర్వాతెప్పుడో వచ్చింది. వెంటపడడం ముందే మొదలైంది. తర్వాత వచ్చిన ఇష్టం వెనక్కి వెళ్లి ముందు చేసిన పనికి ప్రేమ అని పేరు పెట్టింది. ఇది ఒక్క సినిమా విషయం కాదు, ఆ కోవ మొత్తానికీ పునాది. 2017లో వచ్చిన 'అర్జున్ రెడ్డి'లో కూడా, ఆ అమ్మాయిని ఒక్క మాట అడక్కముందే ఆమె తనదని తరగతి గదికి వెళ్లి మరీ ప్రకటిస్తాడు హీరో.

మరి ఆ ఇష్టం రాకపోతే? 2004లో విజయవాడలో ఒక విద్యార్థినిని తరగతి గదిలోనే నరికి చంపారు. 2008 డిసెంబర్‌లో వరంగల్‌లో ఇద్దరు ఇంజనీరింగ్ అమ్మాయిల మీద యాసిడ్ పోశారు. అవి సినిమాలు చూసి చేసిన పనులని నేననడం లేదు. అంత సులువైన కార్యకారణాలు నేను నమ్మను. ఒకే దారిలో నడిచే రెండు కథల్లో రెండోదానికి మొదటిది ముసుగుగా పనికొస్తోందని మాత్రమే అంటున్నాను.

చట్టం ఆ ముసుగుని కొంత తీసింది. 2013 సవరణతో వెంటపడడం శిక్షాస్మృతిలో 354డి కింద, చాటుగా చూడడం, చిత్రించడం 354సి కింద నేరాలయ్యాయి. 2024 జులై నుంచి అవే భారతీయ న్యాయ సంహితలో 78, 77 సెక్షన్లు. అంటే 'జయం' వచ్చిన పదకొండేళ్లకి గానీ ఆ పనికి చట్టంలో పేరు దొరకలేదు. అయినా అందులో ఒక మాట ఉంది. ఆమె తన అయిష్టాన్ని స్పష్టంగా తెలియజేసినా మళ్లీ మళ్లీ వెంటపడితే నేరమని. స్పష్టంగా తెలియజేయవలసింది ఆమే! ఆడపిల్ల కాదంటే అవునని అర్థమంటూ ఇన్నేళ్లుగా నేర్పిన తెర ముందు ఎంత స్పష్టంగా చెప్తే స్పష్టమైనట్టు?

ఇక థ్రిల్లర్ల దగ్గరికి వద్దాం. కెమెరా చూపు మగవాడి చూపని లారా మల్వీ 1975లోనే చెప్పింది. టీనేజ్ హత్యా చిత్రాల్లో చివరికి ప్రాణాలతో మిగిలే 'ఆఖరి అమ్మాయి' గురించి కరోల్ క్లోవర్ రాసిన పుస్తకం 1992లో వచ్చింది. 'హాలోవీన్' (1978) మొదలవడమే హంతకుడి కళ్లలోంచి మొదలవుతుంది. ఎవరు చస్తారో, ఎవరు బతుకుతారో ముందే తెలిసిపోయే ఈ కట్టుబాట్లని 'స్క్రీమ్' (1996)లో పాత్రలే పైకి వల్లిస్తాయి. ఇవన్నీ ఈ పత్రిక పాఠకులకి తెలిసినవే. నేను ఆగదలచుకున్నది ఇంకో కట్టుబాటు దగ్గర. ఈ సినిమాల్లో హంతకుడికి ఒక కారణం ఉంటుంది, చచ్చిపోయిన అమ్మాయికి ఒక తప్పు ఉంటుంది.

హిచ్‌కాక్ 'సైకో' (1960)నే తీసుకోండి. డబ్బు దొంగిలించిన స్త్రీ స్నానాల గదిలో చనిపోతుంది. అప్పటికే ఆ డబ్బు తిరిగి ఇచ్చేయాలని ఆమె నిర్ణయించుకుంది. ఆ నిర్ణయం ఆమెతోనే పోయింది. చివర్లో సైకియాట్రిస్టు వచ్చి అంతసేపు విప్పి చెప్పేది ఆ కుర్రాడి మనసుని. మన దగ్గరికి వస్తే, 1978లో భారతీరాజా తమిళంలో తీసిన 'సిగప్పు రోజాక్కళ్', అదే తెలుగులో 'ఎర్ర గులాబీలు'. నాయకుడు ఆడవాళ్లని చంపుతాడు, ఎందుకంటే చిన్నప్పుడు అతనికి ఆడవాళ్ల వల్ల అన్యాయం జరిగింది. శింబు 'మన్మథ' తమిళంలో 2004లో వచ్చి తెలుగులోకీ అనువాదమైంది. అందులో హంతకుడే హీరో, తమ్ముణ్ణి ఒక అమ్మాయి మోసం చేసిందని మోసం చేసే అమ్మాయిల్ని చంపుతాడు. 2018 నాటి తమిళ 'రాక్షసన్' 2019లో 'రాక్షసుడు'గా వచ్చింది. బడి పిల్లల్ని వరసగా చంపేవాడి గతంలో అతన్ని అవమానించి నవ్విన ఒక అమ్మాయి ఉంటుంది. నలభై ఏళ్ల దూరంలో ఉన్న కథల్లో కారణం మారలేదు. వాడి కారణం కూడా ఒక ఆడపిల్ల తప్పే!

హంతకుణ్ణి అర్థం చేసుకోవడానికి నేను వ్యతిరేకిని కాను. ఏ మనిషీ ఊరికే క్రూరుడైపోడు. నా ఫిర్యాదు పంపకం గురించి. పావుగంట ఫ్లాష్‌బ్యాక్ వాడికి, తలుపు తీసిన ఒక్క క్షణం ఆమెకి. 'రాక్షసుడు' చూసిన నా విద్యార్థుల్ని చనిపోయిన పిల్లల పేర్లు చెప్పమంటే ఒకరికీ గుర్తు లేవు. హంతకుడు వదిలే గిఫ్టు పెట్టె, అందులో బొమ్మ తల మాత్రం అందరికీ గుర్తున్నాయి. ఆ పిల్లలు ఎందుకు నమ్మారు? నమ్మే వయసు కనక, నమ్మడం మనిషి మామూలు లక్షణం కనక. దానికి ఏ డైరెక్టరూ ఫ్లాష్‌బ్యాక్ పెట్టడు.

థియేటర్లో మనం "తలుపు తియ్యొద్దే!" అని అరుస్తాం. ఆ కేకలో ప్రేమే ఉంది. కానీ బయట ఉన్నది ఎవరో మనకి తెలిసింది మన తెలివి వల్ల కాదు, డైరెక్టర్ ముందే చూపించాడు కనక. మనకున్న ఆ అదనపు సమాచారాన్ని ఆమెకీ ఉండవలసిందిగా లెక్కేసి, లేనందుకు ఆమెని తెలివితక్కువదంటాం. సినిమాలో అయితే ఇది రెండు గంటల ఆట. ఊళ్లో అయితే తీర్పు.

2017 సెప్టెంబర్‌లో మా ఊరి పేరు అన్ని చానెళ్లలోనూ మోగింది. ఒక కాలేజీ అమ్మాయి మీద అత్యాచారానికి ప్రయత్నించి, దాన్ని ఫోన్‌లో తీశారు. ఆ వీడియో బయటికొచ్చి ఫోన్ల మీదుగా పాకింది. ముగ్గురు కుర్రాళ్లని అరెస్టు చేశారు. ఆ రోజుల్లో కూరగాయల కొట్టు దగ్గరా, స్టాఫ్ రూముల్లోనూ నేను విన్న మొదటి ప్రశ్న "వాళ్లెందుకు చేశారు?" కాదు. "ఆ పిల్ల ఎందుకెళ్లింది?" అడిగినవాళ్లు చెడ్డవాళ్లు కారు, చాలామంది తల్లులు. కథ చూసే పద్ధతి అలా అలవాటైపోయింది.

అంతకు మూడేళ్ల ముందు, 2014లో శ్రీప్రియ తెలుగులో తీసిన 'దృశ్యం' ఇలాంటి వీడియో చుట్టూనే తిరుగుతుంది. ఒక కుర్రాడు చాటుగా తీసిన దృశ్యంతో బెదిరిస్తే, కూతురు కొట్టిన దెబ్బకి వాడు చస్తాడు. కేబుల్ టీవీ నడుపుకునే తండ్రి తాను చూసిన సినిమాల తెలివితో ఇంటిల్లిపాదినీ కాపాడతాడు. ఈ సినిమాని నేను గౌరవిస్తాను. ఆ తండ్రి కూతుర్ని నిందించడు. చచ్చిన కుర్రాడికి కారణాల ఫ్లాష్‌బ్యాక్ లేదు. కానీ ఆ కుటుంబం నిలబడింది ఆ దృశ్యం ఎవరి కంటా పడలేదు కనక, ఆ అమ్మాయి నోరు మూసుకుని ఉండిపోయింది కనక. ఆ దృశ్యం బయటపడితే ఆమెకి చోటెక్కడ? 'దృశ్యం' ఆగిన చోట కనిగిరి కథ మొదలవుతుంది.

అక్కడ ప్రేక్షకులెవరు? 1960లోనే వచ్చిన మైకేల్ పావెల్ 'పీపింగ్ టామ్'లో హంతకుడు తాను చంపే స్త్రీల భయాన్ని కెమెరాతో తీస్తాడు. 'ఎర్ర గులాబీలు'లో అలా తీసిన హత్యల్ని కూర్చుని చూసే ఒక పెద్దమనిషి ఉంటాడు. కొడుకు చంపుతాడు, పెంపుడు తండ్రి చూస్తాడు. ఆ వీడియోని "ఎంత ఘోరమో చూడండి" అంటూ ఒకరికొకరు పంపుకున్న ఊరంతా ఆ కుర్చీలోనే కూర్చుంది. ఖండించడానికే చూశామన్నారు. ఖండించడానికి చూడవలసిన పనేముంది? జరిగిందని తెలిస్తే చాలదా? చూసిన ప్రతి ఒక్కరూ ఆమె మీద జరిగినదాన్ని ఇంకోసారి జరిపించారు.

నా సహోద్యోగి ఒకావిడ నాతో గట్టిగా వాదించింది. "ఈ సినిమాలు కనీసం ఆడపిల్లలకి జాగ్రత్త నేర్పుతున్నాయి కదా, భయం ఉంటే బతుకుతారు" అని. ఆ మాటని తేలిగ్గా కొట్టిపారేయలేను. నేనూ పిల్లలకి జాగ్రత్తలు చెప్తాను. అయితే జాగ్రత్త ముందు చెప్పే మాట, తీర్పు తర్వాత చెప్పే మాట. ముందు "చీకట్లో ఒంటరిగా వెళ్లకమ్మా" అనడం ప్రేమ. తర్వాత "చీకట్లో ఎందుకెళ్లావు?" అనడం శిక్ష. పైగా ఆ జాగ్రత్త ఖర్చంతా ఒక్కవైపే. ఇలాంటి వార్త వచ్చిన ప్రతిసారీ ఆడపిల్ల ఫోను బీరువాలోకి పోతుంది, చదువు ఆగుతుంది, పెళ్లిచూపులు మొదలవుతాయి. మగపిల్లవాడి ఫోను ఎవరూ అడగరు.

ఇంకో ముగింపు కూడా మనకి అలవాటైంది. వరంగల్ కేసులో నిందితులు ముగ్గురూ 2008 డిసెంబర్‌లోనే పోలీసు కాల్పుల్లో చనిపోయారు. 2019లో హైదరాబాద్ దగ్గర జరిగిన హత్యాచారం కేసులో నలుగురు నిందితులూ అలాగే పోయారు. ఆ కాల్పులు చంపే ఉద్దేశంతోనే జరిగాయని సుప్రీంకోర్టు నియమించిన కమిషన్ 2022లో తేల్చింది. రెండుసార్లూ జనం పోలీసుల్ని మెచ్చుకున్నారు. సైకో చచ్చాడు, సినిమా అయిపోయింది, లేచి ఇళ్లకి వెళ్లొచ్చు. మామూలు కుర్రాడు, పక్కింటివాడు, క్లాసులో వెనక బెంచీవాడు ఏ సంగీతం నేర్చుకుని పెరిగాడన్న ప్రశ్న ఆ తూటాలతోపాటే పోతుంది.

ఈ మధ్య ఒక పని చేస్తున్నాను. ప్రేమకథల్లోంచీ థ్రిల్లర్లలోంచీ వెంటపడే సన్నివేశాలు కొన్ని తీసుకుని, లాప్‌టాప్‌లో శబ్దం పూర్తిగా తీసేసి క్లాసులో చూపిస్తాను. ఏది ప్రేమ, ఏది ప్రమాదం రాయమంటాను. సినిమా ముందే తెలిసినవాళ్లు తప్ప మిగతావాళ్లంతా తడబడతారు. మొదటిసారి చూపించిన రోజున ముందు వరసలో అమ్మాయి అంది, "పాట లేకపోతే ఎట్టా తెలుసుద్ది మేడం? మా ఎనక వచ్చేవాళ్లకి పాట ఉండదు గదా" అని. క్లాసంతా నవ్వింది. తర్వాత నవ్వు ఆగిపోయింది.

నిజంగానే ఆమెకి తెలిసే దారి లేదు. కానీ ఆ సన్నివేశంలో ఉన్న ఇద్దరిలో అది ఏ సినిమానో తెలిసినవాడు ఒకడున్నాడు. వెనకాల నడిచేవాడు. వాడి మనసులో ఏముందో వాడికి తెలుసు. తెలిసినవాణ్ణి వదిలేసి తెలియనిదాన్ని నిలదీయడం ఏ న్యాయం? చెప్పవలసిన బాధ్యత తెలిసినవాడిది. వెనకాల కాకుండా ఎదురుగా, పగటిపూట, ఆమె వెళ్లిపోవడానికి దారి విడిచి నిలబడి చెప్పాలి.

వెనక బెంచీ నుంచి ఒక అబ్బాయి అడిగాడు, కొంచెం కోపంగానే. "అట్టయితే ఇష్టమని మేం ఎట్టా చెప్పాల మేడం?"

"ఒక్కసారి అడుగు నాయనా. కాదంటే ఇంటికెళ్లిపో" అన్నాను.

"అట్టాంటి సినిమా ఎవరు చూస్తారు?" అన్నాడు వాడు.

అమ్మాయిల వైపు నుంచి ఇద్దరు ముగ్గురు ఒకేసారి "మేం చూస్తాం" అన్నారు.