షరతు ఎవరిని కాపాడుతోంది?

పని వెతుక్కుంటూ కొండ దిగిన మన తమ్ముడిని ముందు కాగితాలే అడుగుతారు. ఆధార్ ఉందా? కుల ధ్రువపత్రం ఉందా? టెన్త్ మెమో ఉందా? లైసెన్సు ఉందా? చేతిలో పని ఉండి కాగితం లేనివాడు సాయంత్రం బస్సుకు తిరిగి గూడెం చేరుకుంటాడు. అలాంటప్పుడు ఈ షరతులన్నీ మనల్ని ఆపడానికే పెట్టారని మనకు కోపం వస్తుంది. ఆ కోపంలో నిజం ఎంతో, తొందర ఎంతో ఒకసారి విడదీసి చూసుకుందాం.

డ్రైవరు పనినే తీసుకుందాం. చదువు మధ్యలో ఆగిన మన యువకులు మొదట ఆశపడే పని అదే. మొన్నమొన్నటి దాకా కిరాయి వాహనం నడిపే లైసెన్సు కావాలంటే ఎనిమిదో తరగతి పాసై ఉండాలి. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 8వ నియమం అలా చెప్పేది. వానాకాలం రాత్రి ఘాట్ రోడ్డు మీద జీపు నడిపేవాడికి ఏం తెలియాలి? ఏ మలుపులో ఏ గేరు వెయ్యాలి, బ్రేకు వేడెక్కితే ఎక్కడ ఆపాలి, మట్టి జారిన చోట ఏ పక్కగా పోవాలి అన్నది తెలియాలి. ఏళ్ళ తరబడి క్లీనరుగా తిరిగి ఇవన్నీ నేర్చినవాడిని ఆ నియమం గడప దగ్గరే నిలబెట్టింది. కొందరు లైసెన్సు లేకుండానే బండి నడిపారు. కొందరు దొంగ సర్టిఫికెట్ కొనుక్కున్నారు. నిజం చెప్పినవాడు కూలికి పోయాడు, అబద్ధం కొన్నవాడు స్టీరింగు పట్టాడు.

2019లో కేంద్రం ఆ నియమం తీసేసింది. హర్యానాలోని మేవాత్ ప్రాంతంలో చదువు లేకపోయినా బండి నడపడం వచ్చినవాళ్ళ బతుకుతెరువు గురించి ఆ రాష్ట్రం అడగడం అందుకు ఒక కారణం. బండి నడపడానికి నేర్పు ముఖ్యమని, తరగతి పాసవడం కాదని ప్రభుత్వమే ఒప్పుకుంది.

అలాగని డ్రైవింగు పరీక్ష కూడా వద్దందామా? అనలేం. సంతరోజు జీపులో కిక్కిరిసి కూర్చునేది మన అమ్మలు, మన పిల్లలే. బండి లోయలో పడితే ముందు పోయేది మన ప్రాణాలే. ఆ పరీక్ష వాళ్ళను కాపాడడానికి ఉంది. బ్రోకరు చేతిలో డబ్బు పెట్టి పరీక్ష తప్పించుకున్నవాడు ప్రభుత్వాన్ని మోసం చేశానని అనుకుంటాడు. నిజానికి తన వెనక సీటులో కూర్చున్న అవ్వను మోసం చేశాడు.

కాబట్టి ఏ షరతునైనా మనం అడగవలసింది ఒక్కటే: ఇది ఎవరిని కాపాడుతోంది? పని అందుకునే మనిషిని కాపాడితే న్యాయం. కొత్తవాడిని బయటే ఉంచడానికి తప్ప మరెందుకూ పనికిరాకపోతే అన్యాయం.

ఇదే కొలత మనమీద కూడా పెట్టుకోవాలి. షెడ్యూల్డు ప్రాంతాల బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అని 2000 జనవరి 10న జీవో నంబరు 3 వచ్చింది. పంతుళ్ళు బడికి రాకపోవడం దానికి ఒక కారణం. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం నూటికి నూరు రిజర్వేషన్ చెల్లదని ఆ జీవోను కొట్టేసింది. మనం బాధపడ్డాం, రోడ్డెక్కాం. ఆ బాధ న్యాయమైనదే. కానీ అక్కడ కూడా మన బలమైన మాట బడిలో కూర్చున్న పిల్ల నుంచే రావాలి. ఇంట్లో కువి, కోయ, సవర, గోండి మాట్లాడే పిల్లకు మొదటి రోజు తెలుగు పాఠం వినిపిస్తే బడి అంటే భయమే మిగులుతుంది. ఎనిమిదో తరగతి దాకా రాకుండానే ఆగిపోయిన ఆ డ్రైవరు తమ్ముడి కథ కూడా చాలాసార్లు అక్కడే మొదలవుతుంది. పిల్ల భాష వచ్చిన, ఊళ్ళో ఉండే టీచరు కావాలనడం ఆ పిల్లను కాపాడే షరతు.

అయితే అది మనవాళ్ళకూ వర్తిస్తుంది. గిరిజనుడే అయి, పట్నంలో కాపురం పెట్టి వారానికి రెండు రోజులు బడికి వచ్చే టీచరు ఆ షరతు తప్పినట్టే. మైదానం నుంచి వచ్చి, గూడెంలోనే ఉండి, ఏడాది తిరిగేలోపు పిల్లల మాట నేర్చుకున్న మాస్టారు ఉంటే, ఆయన ఆ షరతు నెగ్గినట్టే. ఇది ఒప్పుకుంటే మన హక్కు తగ్గదు. మన మాటకు బలం వస్తుంది.

తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా, అన్యాయమైన షరతును అర్జీ పెట్టి, కలిసి నిలబడి తీయించుకుందాం. న్యాయమైన షరతును మాత్రం నేర్చుకుని, పరీక్షకు కూర్చుని నెగ్గుదాం. మనం నడిపే బండిలో మన అవ్వ నిశ్చింతగా కునుకు తీయగలిగితే చాలు.