పై పదవియు, ఇంటివారి పాలును

చదువవలసిన వాక్యభాగములు: నిర్గమకాండము 18వ అధ్యాయము; ద్వితీయోపదేశకాండము 5:12–15; 1 సమూయేలు 7:15 – 8:3.





జహీరాబాదు చుట్టుపట్ల గ్రామములలోని మన పిల్లలు నేడు అనేక విధములైన ఉద్యోగములలో ఉన్నారు. కొందరు 2013లో ఇక్కడ ప్రారంభమైన ట్రాక్టర్ల కర్మాగారములోను, కొందరు బడులలోను, ఆసుపత్రులలోను, బ్యాంకులలోను పనిచేయుచున్నారు. మరికొందరు తెల్లవారకముందే బొంబాయి రోడ్డుమీద బస్సెక్కి, పటాన్‌చెరు వరకు పోయి, చీకటిపడిన తరువాత ఇల్లు చేరుచున్నారు. ఇట్టివారిలో ఒకనికి ప్రమోషను వచ్చినదనుకొనుడి. జీతము పెరుగును. కాని రాత్రి డ్యూటీలుండును, ఆదివారము సెలవు నిశ్చయము కాదు. లేదా బిడ్డలను విడిచి దూరప్రాంతమునకు పోవలెను. అతడు ఏమి చేయవలెను? ఈ ప్రశ్న మన యిండ్లలో తరచుగా వచ్చుచున్నది గనుక వాక్యపు వెలుగులో దీనిని విచారింతము.

మొదట ఒక మాట చెప్పవలసియున్నది. ప్రమోషనును కోరుట లోకాశయే అని తొందరపడి తీర్పు తీర్చకూడదు. కలిగినవాడు ఆ మాట సులభముగా చెప్పగలడు. మన తాత ముత్తాతలలో అనేకులు దొరల పొలములలో జీతగాండ్రుగా బ్రతికిరి. నిజాము రాజ్యమున దీనిని భగేలా అనిరి. పెండ్లికో, రోగమునకో తెచ్చుకొనిన కొద్ది అప్పుకు తండ్రి కట్టుబడి, అది తీరకమునుపే కుమారుడును ఆ పనిలోనికి పోయెడివాడు. ఇట్టి వెట్టిని రద్దుచేయు చట్టము 1976లో వచ్చినది. అట్టి యింటినుండి ఒక బిడ్డ చదివి, పదిమందిమీద అధికారి యగుట చిన్న సంగతియా? అది తాతయొక్క కన్నీటి ప్రార్థనకు జవాబు కావచ్చును. చెల్లెలి చదువు, తల్లి వైద్యము, ఇంటిమీది అప్పు, ఇవన్నియు ఆ జీతపు పెరుగుదలవైపు చూచుచుండును. స్వకీయులను సంరక్షింపనివాడు విశ్వాసమును విడిచినవానితో సమానుడని పౌలు తిమోతికి నేర్పెను (1 తిమోతి 5:8). కావున సంపాదన కూడ ప్రేమకార్యమే.

అయితే ఇశ్రాయేలీయుల సంగతి చూడుడి. వారును దాసులే. దాసునికి కూడు దొరకవచ్చును, కొట్టములో చోటు దొరకవచ్చును. దొరకనిది ఒక్కటే, తనదని చెప్పుకొనదగిన కాలము. మన అవ్వలు ఎరుగుదురు: పాలకు ఏడ్చు బిడ్డను గట్టుమీద పండబెట్టి, దొర సెలవిచ్చువరకు నాట్లు వేసిరి. అందుచేతనే ద్వితీయోపదేశకాండములో విశ్రాంతిదినపు ఆజ్ఞకు చెప్పబడిన కారణము గమనింపదగినది. మీరు ఐగుప్తులో దాసులైయుండగా ప్రభువు మిమ్మును విడిపించెను; కాబట్టి మీరును, మీ కుమారులును, కుమార్తెలును, మీ దాసదాసీలును, మీ ఎద్దును గాడిదయును సహా విశ్రమింపవలెను. తీరికయనునది ధనవంతుని విలాసము కాదు. విడుదల పొందినవానికి దేవుడిచ్చిన పాలు. పొలము భాగము పంచుకొనునప్పుడు గెట్టు రాయి ఎంత జాగ్రత్తగా చూచుకొందుము! ఈ పాలును మాత్రము అడిగినవానికెల్ల ఇచ్చివేయవచ్చునా?

ఇప్పుడు నిర్గమకాండము 18వ అధ్యాయమునకు వత్తము. మోషే తన భార్యయైన సిప్పోరాను పంపివేసియుండెను. ఆమెయు, గెర్షోము, ఎలీయెజెరు అను ఇద్దరు కుమారులును పుట్టింట ఉండిరి. మామయైన యిత్రో వారిని వెంటబెట్టుకొని అరణ్యములో అల్లునియొద్దకు వచ్చెను. అల్లుడు ఎదురువచ్చి నమస్కరించి క్షేమసమాచారములు అడిగెను. దేవుడు చేసిన కార్యములన్నియు వివరించెను. మరునాడు ఏమి జరిగెను? మోషే న్యాయము తీర్చుటకు కూర్చుండెను. ఉదయము మొదలుకొని సాయంకాలమువరకు జనులు అతనియొద్ద నిలిచిరి. ఎడబాసియున్న ఆలుబిడ్డలు వచ్చిన మరునాడే ఇది! వారిని గూర్చి ఆ అధ్యాయములో ఆ తరువాత ఒక్క మాటయు లేదు.

మోషే చేయుచున్నది చెడుపని కాదు. దేవుని సేవయే, ప్రజల మేలే. అయినను యిత్రో, నీవు చేయుచున్న పద్ధతి మంచిది కాదని అల్లునితో చెప్పుటకు వెనుదీయలేదు. నీవును నలిగిపోవుదువు, ఈ జనులును నలిగిపోవుదురు. దేవునికి భయపడి, లంచమును అసహ్యించుకొను సమర్థులను ఏర్పరచి, వేయిమందికి, నూరుమందికి, ఏబదిమందికి, పదిమందికి వారిని నియమింపుమని బోధించెను. పని విడువుమనలేదు, పంచుకొనుమనెను. ఐగుప్తుపై జయము పొందిన మోషే మామ మాట వినెను. ఇంటి పెద్దలు చెప్పిన మాట వినుట అతని గౌరవమును తగ్గింపలేదు.

దీనినిబట్టి ప్రమోషను కాగితము చేతికి వచ్చినప్పుడు మూడు ప్రశ్నలు వేసికొనవలెను.

మొదటిది: ఇది అవసరమా, పేరా? అప్పు తీరుటకును బిడ్డల చదువుకును కావలసినదెంతయో కాగితముమీద లెక్క వేయుడి. దూరపు ఊరి అద్దె, రానుపోను ఖర్చులు తీసివేసి చూడుడి. ఒక్కొక్కప్పుడు మిగులునది పేరు మాత్రమే.

రెండవది: నేను విడిచిపెట్టునది ఎవరు మోయుదురు? విలియము కేరీ దొరగారిని తలంచుకొనుడి. మన తెలుగు క్రొత్త నిబంధనను 1818లో ముద్రించిన సేరంపూరు మిషనులో ఆయన ముఖ్యుడు. ఆయన తర్జుమాలలోను, 1801నుండి కలకత్తాలోని ఫోర్టు విలియము కాలేజీ బోధనలోను మునిగియుండగా, ఇంట భార్యయైన డొరతి మతిచలించి 1807లో మరణించువరకు బాధపడెను. అదుపులేక తిరుగుచున్న కుమారులను తల్లివలె చేరదీసినది తోటి మిషనెరీ భార్యయైన హన్నా మార్ష్‌మన్. ఆ సేవాఫలము మనమును అనుభవించితిమి. ఆ భక్తుని నిందించుటకు కాదు ఈ మాట. ప్రతి గొప్ప పని వెనుక ఇంటిలో ఒకరు మోసిన బరువుండును. ఆ బరువు ఎవరిమీద పడునో ముందుగా తెలిసికొని, వారిని అడిగి, పిమ్మట ఒప్పుకొనుట న్యాయము.

మూడవది: ఇంటివారితో మాటలాడితినా? భార్యకు చెప్పక సంతకము చేసి, అంతయు నీకొరకే అనుట ప్రేమ కాదు. భార్యకు ప్రమోషను వచ్చిన యెడల భర్తయు అట్లే కూర్చుండి ఆలోచింపవలెను. టీచరమ్మకు, నర్సమ్మకు వచ్చిన హెచ్చింపును ఇంటి పని పేరుచెప్పి వద్దనిపించుట తేలిక. పొయ్యి ముట్టించి, బిడ్డలను బడికి సిద్ధపరచి ఆమెకు తోడ్పడుట క్రీస్తు శిష్యునికి తగినది.

ఈ ప్రశ్నలకు అందరి జవాబు ఒక్కటే కాదు. 2024లో మన రాష్ట్రమున వేలమంది ఉపాధ్యాయులకు పదోన్నతులు వచ్చెను. వద్దనుకొను ఉద్యోగి ఆ హక్కును వ్రాతమూలముగా వదలుకొనుటకు ప్రభుత్వ సేవా నిబంధనలలో అవకాశము కలదు. అందుచేత ఒప్పుకొనినవాడు ఆశపోతు కాడు, వదలుకొనినవాడు సోమరి కాడు. అయితే ఒప్పుకొనినవాడు కుటుంబపు పాలును ముందే గెట్టు వేసి ఉంచవలెను: ఈ పూట భోజనము కలిసి చేయుదుము, ఈ గడియ కుటుంబ ప్రార్థన, అప్పుడు సెల్‌ఫోను మూతపడియుండును అని. వదలుకొనినవాడు పిమ్మట, మీవలననే నా బ్రతుకు ఇట్లాయెనని ఆలుబిడ్డలను దెప్పకూడదు. దెప్పెడి త్యాగము త్యాగము కాదు, అప్పు.

ఒక హెచ్చరిక కూడ అవసరము. సమూయేలు ఏటేట బేతేలు, గిల్గాలు, మిస్పా తిరిగి న్యాయము తీర్చి, తన యిల్లు అక్కడనున్నందున రామాకు మరల వచ్చుచుండెను. ఎంత చక్కని అలవాటు! అయినను అతని కుమారులు లంచములు పుచ్చుకొనిరి. ఇంట ఉండుట ఒక్కటే చాలదు. ఇంటనుండియు బిడ్డతో మాటలాడని తండ్రి దూరదేశమున ఉన్నవానితో సమానుడే.

సంఘమునకు ఒక మాట. పదవి పెరిగినవానికి సభలో ముందు కుర్చీ వేయుదుము. తల్లి మంచాన పడియున్నదని పదవి వదలుకొనినవానిని ఎవరైన పలుకరించితిమా? రాత్రి డ్యూటీకి పోయినవాని యింట జ్వరపడిన బిడ్డను ఎవరైన ఆసుపత్రికి తీసికొనిపోయితిమా? యిత్రోవలె బరువు పంచుకొనుటకు మార్గము చూపు పెద్దలు ప్రతి గ్రామ సంఘములో లేవవలెను.

ప్రార్థన: మా పితరులను దాస్యమునుండి విడిపించిన తండ్రీ, నీవిచ్చిన పనికై స్తోత్రము, నీవిచ్చిన విశ్రాంతికై స్తోత్రము. పై మెట్టు ఎక్కవలసినప్పుడు ధైర్యమును, ఆగవలసినప్పుడు సమాధానమును దయచేయుము. మా యింటివారి పాలును ఎవరికిని అమ్ముకొనకుండ మమ్మును కాపాడుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.