శక్తి కంటే ముందు

1961 ఏప్రిల్ 12న యూరీ గగారిన్ భూమిని చుట్టి వచ్చాడు. అదే ఏడాది అమెరికాలో స్టాన్ లీ, జాక్ కిర్బీ కలిసి ‘ఫెంటాస్టిక్ ఫోర్’ కామిక్ మొదలుపెట్టారు. అందులో సోవియట్లు తమను మించిపోతారన్న ఆత్రంతో నలుగురు అనుమతి లేకుండా రాకెట్ ఎక్కుతారు. కాస్మిక్ కిరణాల సంగతి ఇంకా సరిగా తెలియదని పైలట్ బెన్ గ్రిమ్ ముందే హెచ్చరిస్తాడు. ఆ భయమే నిజమవుతుంది. కూలిన రాకెట్‌లోంచి బయటపడ్డాక స్యూ కళ్లముందే మాయమవుతుంది. ఆమె తమ్ముడు జానీ మంటై లేస్తాడు. రీడ్ రిచర్డ్స్ ఒళ్లు ఎంత దూరమైనా సాగుతుంది. బెన్ వికృతరూపం దాలుస్తాడు.

ఆ మార్పుకన్నా దాని తర్వాతి ఘడియే నన్ను ఆలోచనలో పడేస్తుంది. బెన్ కోపంతో రీడ్ మీద విరుచుకుపడతాడు. అయినా చివరికి నలుగురూ చేతులు కలిపి, ఈ శక్తిని జనం మేలుకే వాడాలని నిశ్చయించుకుంటారు. ఆ నిర్ణయం తీసుకోగల మనసు కిరణాల నుంచి రాలేదు. అక్కా తమ్ముళ్లు, పెళ్లాడబోయే రీడ్, స్యూల జంట, పాత స్నేహితుడు బెన్... వాళ్లు రాకెట్ ఎక్కకముందే ఒక కుటుంబం.

ఈ నలుగురి కథతో 2025లో వచ్చిన సినిమాలో రీడ్‌గా నటించిన పెడ్రో పాస్కల్‌కు అప్పటికి యాభై ఏళ్లు. 1975లో చిలీలో పుట్టాడు. అక్కడి పినోచే నియంతృత్వాన్ని ఎదిరించిన అమ్మానాన్నలు వెనిజులా రాయబార కార్యాలయంలో తలదాచుకుని, పసివాణ్ణి తీసుకుని డెన్మార్క్‌కు, అక్కణ్ణుంచి అమెరికాకు వెళ్లారు. న్యూయార్క్‌లో నటన చదివాక ఏళ్లకేళ్లు టీవీలో చిన్న వేషాలే దక్కాయి. తిండికి ఇబ్బందైన రోజుల్లో స్నేహితురాలు, నటి సారా పాల్సన్ షూటింగ్‌లో తనకిచ్చే రోజు బత్తా డబ్బు అతని చేతిలో పెట్టేది. అమ్మ పోయాక ఆమె ఇంటిపేరునే తెరపేరుగా పెట్టుకున్నాడు. 2014లో ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ టీవీ సిరీస్‌తో లోకం గుర్తించేసరికి నలభై ఏళ్లకు చేరువయ్యాడు. 2019లో ‘మాండలోరియన్’ సిరీస్‌లో ముఖమంతా శిరస్త్రాణం కిందే ఉన్నా కీర్తి పెరుగుతూనే పోయింది.

ఇలాంటి కథను మనం ‘రాత్రికి రాత్రే స్టార్ అయ్యాడు’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తాం. ఆ మాటలో అమ్మ పేరుకు చోటుండదు, స్నేహితురాలి బత్తాకూ ఉండదు. ఆ రాత్రికి ముందు మనిషిని నిలబెట్టిన వాళ్లంతా లెక్కలోంచి జారిపోతారు.

ఆ కామిక్‌లోని కాస్మిక్ కిరణాలు నిజంగానే భూమి మీదా కురుస్తూనే ఉంటాయి. 1912లో శాస్త్రవేత్త విక్టర్ హెస్ బెలూన్‌లో అయిదు వేల మీటర్లకు పైగా ఎగిరి, ఎత్తుకు వెళ్లేకొద్దీ ఆ వికిరణం బలపడుతుందని కొలిచి చూపాడు. కింద ఉన్నవాళ్లకు గాలిపొర కవచం. పైకెళితే అది పలచబడుతుంది. కీర్తి కూడా అలాంటి ఎత్తే. పొగడ్త, నింద, కోట్లమంది చూపు సూటిగా తగులుతాయి. అక్కడ మనిషికి కవచమయ్యేది పేరు రాకముందు నుంచి అతన్ని ప్రేమించినవాళ్లే.

అందుకే పిల్లలకు ‘పైకి రావాలి’ అని మాత్రమే చెబితే సరిపోదనుకుంటాను. ఎవరితో కలిసి, ఎవరి కోసం అన్నది కూడా చెప్పాలి. శక్తి ఎప్పుడొస్తుందో, అసలు వస్తుందో రాదో మన చేతిలో లేదు. వచ్చిన రోజున దాన్ని మంచికి మళ్లించగల మనుషులం కావడం మాత్రం ఈ రోజే, మన పక్కనున్న వాళ్ల మధ్యే మొదలవుతుంది.