మద్యనిషేధమును రాజకీయపక్షమున కప్పగింపవచ్చునా?

మనుజుడు తన వివేకమును తానే పోగొట్టుకొనుటకు హక్కు గలవాడా యను ప్రశ్న పురాతనమైనది. ఆ వివేకనాశమును ప్రభుత్వము తన ఆదాయమార్గముగా జేసికొనవచ్చునా యనునది అంతకంటె కఠినమైన ప్రశ్న. ఈ రెంటితోడను మూడవ ప్రశ్న యొకటి మన సంస్కారప్రియులలో తరచుగా వినవచ్చుచున్నది. మద్యమును కాచుటను, అమ్ముటను వ్యతిరేకించుటయే ప్రధానధర్మముగా గల రాజకీయపక్ష మొకటి పుట్టినచో, మనమందరమును దానికి వోటు వేసినచో, ఈ పీడ వదలిపోదా యని వా రడుగుచున్నారు. ఈ కోరిక సదుద్దేశముతో గూడినది. అయినను నీతికార్యమును పక్షమున కప్పగించుట ఎంతవరకు తగునో విచారింపక తల యూపుట విజ్ఞులకు చెల్లదు.

ఈ విచారణకు మన కన్నులయెదుటి నేలనే ఆధారముగా గైకొందము. 2016వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీన ఏర్పడిన జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లాలలో మద్యమనునది ఒక్క వస్తువు గాదు. జనగామ మెట్టనేలలలో తాటిచెట్లును, ఈతచెట్లును, వానిని నమ్ముకొని బ్రదుకు గీతకార్మికులును గలరు. పెద్దలు మానుకోట యని పిలుచు మహబూబాబాదు జిల్లాలో, కొత్తగూడ, గంగారము వంటి ఏజెన్సీ మండలములలో, కోయలకు ఇప్పపువ్వు ఆహారము, అమ్మకపు సరకు, వేల్పులకొలుపులో భాగము. భూపాలపల్లిలో సింగరేణి బొగ్గుగనులు గలవు. జీతమందిన దినమున కార్మికుని యింటికంటె ముందుగా అతని సంపాదన కెదురువచ్చునది మద్యపు దుకాణము. నల్లబెల్లమును పులియబెట్టి చాటున కాచు గుడుంబా వేరు. ప్రభుత్వపు ముద్రతో వచ్చు సీసా వేరు. వీని నన్నింటిని ఒక్క మాటతో కొట్టివేయు నినాదము సభలో చప్పట్లు తెచ్చును గాని గ్రామమున న్యాయము చేయజాలదు.

మన సమాజపు పూర్వులు ఈ విషయమున మౌనము వహింపలేదు. కేశవచంద్ర సేనుగారు 1870వ సంవత్సరమున స్థాపించిన సంస్కారసభకు మద్యపాననివారణము ఒక ముఖ్యశాఖ. ఆంధ్రదేశమున రఘుపతి వేంకటరత్నము నాయుడుగారు కాకినాడ కళాశాలలో విద్యార్థులకు బోధించిన శీలశుద్ధిలో పానత్యాగము విడదీయరాని యంగము. హైదరాబాదునందు భాగ్యరెడ్డి వర్మగారు ఆదిహిందువుల వాడలలో మద్యమును మానుడని యెలుగెత్తి చాటిరి. వీరందరును మొదట ఆశ్రయించినది మనుష్యుని అంతరాత్మను. దండభయమున మానినవాడు దండము తొలగినంతనే మరల త్రాగును. తానుగా మానినవాడు ఒకసారి జారినను, లేచుటకు పట్టుకొమ్మ వానిలోనే యుండును. ఈ సత్యము నేటికిని చెడలేదు.

కాని అంతరాత్మ యొక్కటియే చాలునా? పొలమునకు పోవు దారిలో నొకటి, వచ్చు దారిలో నొకటిగా దుకాణములు వెలసి, అవియు చాలక కిరాణా కొట్టులలోను, ఇండ్ల వసారాలలోను బెల్టు షాపులు నడచుచుండగా, కూలివానిని జూచి "నీవు నిగ్రహము వహింపుము" అని మాత్రము చెప్పుట, దారిపొడవునను గోతులు త్రవ్వించి, పడినవానిని నడక రానివాడని నిందించుట వంటిది. బోధ వ్యక్తికి, చట్టము గోతులు త్రవ్వువానికి. రెండును వలయును. అట్లని చట్టమును తెత్తునను పక్షమును గ్రుడ్డిగా నమ్మవచ్చునా? చరిత్రను చూతము.

అమెరికా దేశమున 1869వ సంవత్సరమున చికాగో నగరమందు మద్యనిషేధపక్షమను పేరుతోనే ఒక రాజకీయపక్షము పుట్టెను. స్త్రీలకు వోటుహక్కు కావలెనని తొలిదినములలోనే చాటిన పక్షమది. 1892లో దాని యధ్యక్షాభ్యర్థి జాన్ బిడ్వెల్లుగారికి వచ్చిన వోట్లు సుమారు 2,70,000. నూటికి రెండు పైచిలుకు మాత్రమే. అధ్యక్షపదవి దాని కెన్నడును దక్కలేదు. 1893లో ఒహాయో రాష్ట్రమున ఏర్పడిన సారాదుకాణ వ్యతిరేక సంఘము వేరుదారి పట్టెను. అది తాను పక్షముగా నిలువక, ఏ పక్షమువాడైనను నిషేధమునకు మాటయిచ్చినవానినే బలపరచి, మాట తప్పినవానిని ఓడించెను. తుదకు 1920 జనవరి 17 నుండి ఆ దేశమంతట నిషేధము వచ్చినది అట్టి ఒత్తిడివలననే. అయితే దానికి పూర్వరంగ మొకటి గలదు. 1913లో ఆదాయపు పన్ను వేయుటకు రాజ్యాంగాధికారము లభించినందున, ఖజానాకు మద్యపు సుంకముపై నున్న ఆధారము తగ్గెను. 1929 పిదప ఆర్థికమాంద్యమున ఖజానా మరల ఆకలిగొనెను. దొంగసరకు వర్తకమువలన విసిగిన ప్రజాభిప్రాయమునకు ఆ ఆకలియు తోడయ్యెను. 1933 డిసెంబరు 5న నిషేధము రద్దయ్యెను.

మన దేశమున జరిగినది ఇంకను బోధకరము. మద్రాసు ప్రధానిగా రాజగోపాలాచారిగారు 1937 అక్టోబరు 1న సేలము జిల్లాలో నిషేధము నారంభించి, 1938లో చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరింపజేసిరి. వారు చేసిన రెండవ పనిని జనులు మరచితిరి. పోవు రాబడికి బదులుగా 1939లో అమ్మకపు పన్ను చట్టమును దెచ్చిరి. నష్టమును దాచక, దానిని పూరించుకొను భారమును ప్రజల యెదుటనే పెట్టిరి. సద్బుద్ధికిని, సద్బుద్ధిని నడపు ప్రయత్నమునకును గల భేద మిచ్చట కనబడును. ఆంధ్రరాష్ట్రమున 1954 నవంబరులో ప్రకాశము పంతులుగారి మంత్రివర్గము నిషేధమును గూర్చిన తగవులో ఒక్క వోటు తేడాతో కూలిపోయెను. రాష్ట్ర మేర్పడి రెండేండ్లయినను కాకమునుపే మద్యపు ప్రశ్న ప్రభుత్వమును కూల్చగలిగెను.

పిదప 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో, అక్షరాస్యత పాఠములు చదివిన కూలిస్త్రీలు సారాదుకాణమును మూయించిరి. వారికి పక్షము లేదు, జెండా లేదు. ఆ నిప్పు ఊరూరికిని ప్రాకెను. 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతట సారా నిషిద్ధమయ్యెను. తరువాతి యెన్నికలలో సంపూర్ణ నిషేధమును వాగ్దానము చేసి గెలిచిన తెలుగుదేశము పక్షపు నాయకులు ఎన్.టి. రామారావుగారు 1994 డిసెంబరు 12న పదవీస్వీకారదినముననే ఆ దస్త్రముపై సంతకము చేసిరి; 1995 జనవరి 16 నుండి అది అమలయ్యెను. కాని వారుణి వాహిని యను పేరుతో ప్రభుత్వపు సారాను పల్లెపల్లెకు చేర్చినదియు అంతకుముందు ఆ పక్షపు ప్రభుత్వమే. 1997లో, నాయకుడు మారిన పిదప, సారా తప్ప తక్కిన మద్యముపై నిషేధము నెత్తివేసినదియు ఆ పక్షపు ప్రభుత్వమే. అమ్మినది, మాన్పినది, మరల అమ్మినది ఒకే చేయి. దీనిని ఒక పక్షముపై నిందగా మేము చెప్పుటలేదు. ఏ పక్షమైనను ఆ పీఠముపై కూర్చున్నచో ఇట్లే యగుననుటకు దృష్టాంతముగా చెప్పుచున్నాము.

ఎందు కట్లగును? కారణము దుష్టత్వము గాదు, ఆధారపడుట. త్రాగుబోతును త్రాగుబోతు అనుటకు గుర్తేమి? అది లేక దినము గడవకుండుటయే గదా. ఆ కొలతతో గొలిచినచో మొట్టమొదటి త్రాగుబోతు ఖజానాయే. తెలంగాణమున 2023వ సంవత్సరమున 2,620 దుకాణముల లైసెన్సులకు చీట్లు తీయగా, తిరిగి యీయబడని 2 లక్షల రూపాయల రుసుముతో వచ్చిన దరఖాస్తులు 1,31,000 పైచిలుకు. అనగా ఒక్క సీసా అమ్ముటకు పూర్వమే దరఖాస్తులవలననే 2,600 కోట్ల రూపాయలు మించి చేరెను. ఇంత సొమ్ము నొకదినమున చూచిన పరిపాలకుడు మరునాడు మద్యమును శత్రువని చెప్పినచో, ఆ మాటకు నోరుండును గాని వెన్నెముక యుండదు.

ఇచ్చట న్యాయవాదులమైన మాకు స్ఫురించు విషయమొకటి గలదు. భారత రాజ్యాంగపు 47వ అధికరణము వైద్యావసరములకు తప్ప మాదకపానీయముల సేవనమును నిషేధింప ప్రయత్నింపుమని రాజ్యమును ఆదేశించుచున్నది. కాని 37వ అధికరణమునుబట్టి ఏ న్యాయస్థానమును దాని నమలుజరుపజాలదు. మద్యవర్తకము ప్రాథమిక హక్కు కాదని సుప్రీముకోర్టు 1994లో ఖోడే డిస్టిలరీల వ్యాజ్యమున తేల్చెను. ఇక 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టము వోటింగు ముగియుటకు ముందు 48 గంటలు మద్యవిక్రయమును నిషేధించుచున్నది. ఆ 48 గంటలలో మద్యము ప్రజల వివేకమునకు ముప్పు అని రాజ్యమే యొప్పుకొనినట్లు గదా! పాలకుని నెన్నుకొనునపుడు తేటగా నుండవలసిన బుద్ధి, బిడ్డకు మందు తెచ్చునపుడును, భార్యతో మాటాడునపుడును, అప్పుపత్రముపై వ్రేలిముద్ర వేయునపుడును తేటగా నుండనక్కరలేదా?

స్వేచ్ఛావాదులు చేయు ఆక్షేపణ నిచ్చట త్రోసివేయరాదు. "ఎవని దేహము వానిది, త్రాగువాడు చెడినచో వాడే చెడును" అందురు. వాడొక్కడే చెడినచో మేము బోధతో ఊరకుందుము. కాని కూలిడబ్బులో పాలు లేని యిల్లు ఏది? ఒకని స్వేచ్ఛ తక్కినవారి యాకలిగా మారినచోట అది స్వేచ్ఛ గాదు, స్వామ్యము. అదియునుగాక ఆ స్వేచ్ఛ నుపయోగించుకొను క్రమమును గమనింపుడు. గుడుంబా కేసులలో బోనులో నిలుచువారిలో తండాల పేదలును, భర్త లేక బ్రదుకుతెరువు లేని స్త్రీలును ఎందరో గలరు. పట్టణపు క్లబ్బులో గాజుపాత్రతో కూర్చుండు పెద్దమనుష్యునకు బోనుతో పని లేదు. ఒకే దోషమునకు పేదవానియందు నేరమనియు, ధనికునియందు మర్యాదయనియు పేరు పెట్టు చట్టము నీతిని పెంపజాలదు.

ఇట్లనుట నిషేధమును విడువుమనుట గాదు. పక్షమును పరీక్షింపక నమ్మవలదనుట. మా దృష్టిలో పరీక్షలు మూడు. మొదటిది: మద్యపు రాబడిని ఏయే సంవత్సరమున ఎంత తగ్గించునో, బదులు దేనిపై పన్ను వేయునో యెన్నికలకు ముందే చెప్పవలెను. 1939లో మద్రాసున చేయగలిగినది నేడు చేయలేమనుట సోమరితనము. రెండవది: వృత్తిని కోల్పోవువానికి వృత్తిని చూపవలెను. జనగామ ప్రాంతపు ఖిలాషాపురమునకు చెందిన సర్వాయి పాపన్న గీతకులమున పుట్టి మొగలాయి అధికారము నెదిరించినవాడు. ఆ జనమును దోషులుగా జూచుట అన్యాయము. నీరా, తాటిబెల్లము, ఈత చాపలు, సహకార సంఘములు వీనికి పెట్టుబడి పెట్టని పక్షము, ప్రాణమునకు తెగించి తాటిచెట్టెక్కువాని పొట్ట కొట్టి పుణ్యము కట్టుకొనజూచుచున్నదని తెలియవలెను.

మూడవది అన్నిటికంటె ముఖ్యము: అధికారమును బాధితుల చేతికీయవలెను. 1996 నాటి పంచాయతీల విస్తరణ చట్టము షెడ్యూల్డు ప్రాంతములలో మత్తుపదార్థముల విక్రయమును, సేవనమును నిషేధించుటకో, పరిమితము చేయుటకో గ్రామసభకును, పంచాయతీకిని అధికారము నిచ్చుచున్నది. కొత్తగూడ, గంగారము గ్రామసభలు తమ కొలుపులలో ఇప్పసారా ఎంతవరకు తగునో తామే నిర్ణయించుకొని, బయటినుండి వచ్చు సీసాను ఊరి పొలిమేరలో నాపవచ్చును. ఈ న్యాయము అడవికే ఏల పరిమితము కావలెను? జనగామ గ్రామములకును, భూపాలపల్లి కార్మికవాడలకును, స్త్రీల సమ్మతి లేనిదే దుకాణము పెట్టరాదను చట్టము కావలెను. రాజధానిలో నొక సంతకముతో వచ్చిన నిషేధము మరియొక సంతకముతో పోయెను. ఊరు తానుగా మూసిన తలుపును తెరచుటకు ఊరినే యడుగవలసి వచ్చును.

కావున మా నిర్ణయ మిది. మద్యమునకు వ్యతిరేకమైన పక్షము పుట్టినచో పుట్టనిండు. పై పరీక్షలలో నెగ్గినచో సహాయము చేయుదము. కాని మన మనస్సాక్షిని దాని కప్పగించి నిద్రింపరాదు. ఏ పక్షమువాడు వోటడుగ వచ్చినను ఈ మూడు ప్రశ్నలను వేయుదము. ఎన్నికల దినములలో సీసాలు పంచినవాడు మన బంధువైనను, మన కులమువాడైనను వోటీయకుందము. అన్నిటికంటె ముందు మన యిండ్లలో, మన వివాహములలో, మన విందులలో ఆ పాత్ర కనబడకుండుగాక. త్రాగుచునే పేదవానికి నిషేధమును విధించు విద్యావంతుడు సంస్కర్త గాడు.

సర్వసాక్షియైన పరమపిత ప్రతి మనుష్యునియందును వెలిగించిన బుద్ధిదీపమును ఆర్పుటకు మనకును హక్కులేదు, ఆర్పి లాభమందుటకు రాజ్యమునకును హక్కులేదు. ఈ రెండు మాటలను కలిపి పలుకగల ధైర్యమును ఆయన మనకు ప్రసాదించుగాక.