మనవాళ్ళు అంటే ఎవరు?

‘మనవాళ్ళు’ అనే మాట మా ఇంట్లో రోజుకు పదిసార్లయినా వినిపిస్తుంది. ఫలానా షాపు మనవాళ్ళదే. ఫలానా అబ్బాయికి ఉద్యోగం వచ్చింది, మనవాడే. ఇక పెళ్ళి మాట వస్తే చెప్పక్కర్లేదు, మొదటి ప్రశ్నే అది. బరంపురంలో పుట్టి పెరిగిన తెలుగువాళ్ళకు ఈ మాట ఎంత ధైర్యం ఇస్తుందో నాకు తెలుసు. చుట్టూ ఒడియా వినబడే ఊళ్ళో మన మాట మాట్లాడే ఇళ్ళు నాలుగు పక్కపక్కన ఉంటే మనసుకు అదొక బలం.

ఈ ఏడు పదో తరగతి సైన్సులో అనువంశికత, పరిణామం పాఠం చదివాక ఈ మాట గురించి వేరే రకంగా ఆలోచించడం మొదలుపెట్టాను. పరిణామం అనగానే మనకు కోతి మనిషిగా మారే బొమ్మ గుర్తొస్తుంది. అదేదో లక్షల ఏళ్ళ కింద జరిగి అయిపోయిన కథ అనుకుంటాం. కానీ మాస్టారు చెప్పింది వేరు. పరిణామం చెందేది ఒక మనిషి కాదు, ఒక జనాభా. ఒక గుంపులో ఏ జన్యువు ఎంతమందిలో ఉందనే లెక్క తరతరానికీ మారుతూ ఉంటుంది. ఆ మార్పే పరిణామం. అది ఇప్పుడూ జరుగుతోంది, మా వీధిలో కూడా. ఆ లెక్కను మార్చే వాటిలో ఒకటి ఎవరు ఎవర్ని పెళ్ళి చేసుకుంటారన్నది. అందుకే ఈ వ్యాసంలో ఒక ప్రశ్న అడుగుతున్నాను. మనవాళ్ళలోనే, అందులోనూ దగ్గర చుట్టాల్లోనే పెళ్ళి చేసుకోవడం సరైనదేనా? ఆ నిర్ణయం ఎవరి మేలు చూసి చెయ్యాలి?

ముందు సైన్సు కొంచెం చెప్పాలి. జన్యువులు జతలుగా ఉంటాయి, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. తరం నుంచి తరానికి నకలు తీసేటప్పుడు అప్పుడప్పుడు ఒక అక్షరం తప్పు పడుతుంది. దాన్నే ఉత్పరివర్తనం అంటారు. చాలా తప్పుల వల్ల ఏమీ కాదు. కొన్ని చెడు చేస్తాయి. అయితే జతలో రెండోది బాగుంటే చాలాసార్లు పని నడిచిపోతుంది, పైకి ఏమీ తెలియదు. ఇలా దాగి ఉన్న చెడ్డ జన్యువులు కొన్నయినా లేని మనిషి ఉండడు. నాలో ఉన్నాయి, ఇది చదువుతున్న మీలోనూ ఉన్నాయి. ఒకే చెడ్డ జన్యువు దాగి ఉన్న ఇద్దరికి పెళ్ళయితే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు ఆ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు.

ఇప్పుడు వలస సంగతి. ఒక పెద్ద ఊళ్ళో వెయ్యి మందిలో ఒకరికి అలాంటి జన్యువు ఉందనుకోండి. అక్కడి నుంచి ఇరవై మంది బతుకుతెరువుకు వేరే ప్రాంతానికి వెళ్ళారు, వాళ్ళలో ఆ ఒక్కరూ ఉన్నారు. కొత్త ఊళ్ళో లెక్క వెయ్యికి ఒకటి కాదు, ఇరవైకి ఒకటి. వాళ్ళు తమలో తామే పెళ్ళిళ్ళు చేసుకుంటూ వెయ్యి మంది అయినా, లక్ష మంది అయినా ఆ వాటా ఇంచుమించు అలాగే మిగిలిపోవచ్చు. ఎవరూ ఏ తప్పూ చెయ్యలేదు, ఏ జన్యువూ గొప్పదని గెలవలేదు. మా పుస్తకంలో దీని పేరు జన్యు విస్థాపనం. నాకైతే చీటీలు తీసినట్టు అనిపిస్తుంది.

ఇది ఊహ మాత్రమే కాదు. హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు, అమెరికా శాస్త్రవేత్తలు కలిసి దక్షిణాసియాలోని 260కి పైగా సమూహాల జన్యువులను పరిశీలించి 2017లో ఒక పరిశోధన ప్రచురించారు. కొద్దిమంది పూర్వీకుల నుంచి పెరిగి, బయటివాళ్ళతో కలవకుండా ఉండిపోయిన జనాభాకు ఫిన్లాండు ప్రజలను, అష్కెనాజీ యూదులను ఉదాహరణగా చెప్తారు. మన దగ్గర 81 సమూహాల్లో ఆ గుర్తు వాళ్ళకన్నా గట్టిగా ఉందట! వాటిలో కొన్ని లక్షల జనాభా ఉన్నవి. తెలుగు వైశ్యుల ఉదాహరణ అందులో ఉంది. ఆపరేషన్ ముందు కండరాలు సడలడానికి సక్సినైల్‌కోలిన్ అనే మందు ఇస్తారు. మామూలుగా అది కొన్ని నిమిషాల్లో ఒంట్లో విరిగిపోతుంది. విరగ్గొట్టే ఎంజైము లేనివాళ్ళకు చాలాసేపు ఊపిరి తీసే కండరాలు కూడా కదలవు. ఆ లోపం వైశ్యుల్లో మిగతావాళ్ళకన్నా దాదాపు 100 రెట్లు ఎక్కువ. సంగతి తెలిసిన మత్తు డాక్టరు ముందే అడుగుతారు, వేరే మందు వాడతారు. ఇందులో సిగ్గుపడాల్సింది ఏముంది? తెలుసుకోవడం వల్ల ప్రాణాలు నిలబడుతున్నాయి. ఇలాంటి సంగతి మిగతా సమూహాల్లోనూ ఏదో ఒకటి ఉంటుంది. కొందరిది కనిపెట్టారు, చాలామందిది ఇంకా కనిపెట్టలేదు, అంతే తేడా.

ఇంకో సంగతి నన్ను మరీ ఆశ్చర్యపరిచింది. 2013లో అచ్చయిన మరో పరిశోధన ప్రకారం ఇవాళ మన దేశంలో ఉన్న దాదాపు అన్ని సమూహాలూ పాత జనాభాలు కలిసి ఏర్పడినవే. ఆ కలయిక సుమారు 4,200 ఏళ్ళ కింద నుంచి 1,900 ఏళ్ళ కింద వరకు జోరుగా సాగింది. తర్వాతే ఎవరి గిరి వాళ్ళు గీసుకున్నారు. అంటే ‘మనవాళ్ళు’ అనే హద్దుకు కూడా ఒక వయసు ఉంది. మన రక్తం ఆ హద్దుకన్నా పాతది.

ప్రకృతి వరణం గురించి చెప్పకపోతే కథ సగమే. బలమైనదే మిగులుతుంది, మిగిలిందే మంచిది అని కొందరు వాదిస్తారు. మా రాష్ట్రం పశ్చిమాన కలహండి, బలంగీర్ వైపు సికిల్ సెల్ జబ్బు ఎక్కువ. ఆ జన్యువు రెండూ వస్తే ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగి, భరించలేని నొప్పులతో బిడ్డ బాధపడుతుంది. ఒకటే వస్తే మలేరియా నుంచి కొంత రక్షణ. అందుకే మలేరియా ఉన్న చోట ఆ జన్యువును ప్రకృతి తీసెయ్యలేదు, పెంచింది. కొందరు పిల్లల ప్రాణం కాపాడుతూ వేరే పిల్లల్ని బలి తీసుకుంటే అది న్యాయమా? ప్రకృతికి న్యాయం, అన్యాయం తెలియవు, అది లెక్క మాత్రమే చేస్తుంది. కాబట్టి ‘ప్రకృతే అలా చేసింది’ అన్న మాటతో ఏ ఆచారాన్నీ సమర్థించలేం, ఏ మనిషినీ తక్కువ చెయ్యలేం.

ఇలాంటి రక్తపు జబ్బుకూ మలేరియాకూ సంబంధం ఉండవచ్చని 1949లోనే చెప్పినవాడు జె.బి.ఎస్. హాల్డేన్. ఇంగ్లాండులో పుట్టి, 1957లో మన దేశం వచ్చి స్థిరపడ్డారు. చివరి రోజులు భువనేశ్వర్‌లో గడిపి 1964 డిసెంబరు 1న అక్కడే చనిపోయారు. ఆయన కోరిక ప్రకారం దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు ఇచ్చారు. భువనేశ్వర్ నుంచి కాకినాడకు రైల్లో వెళ్తే దారిలో మా ఊరు తగులుతుంది. ఆయన శిష్యుల్లో పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు ఒకరు. 1960లలో ఆంధ్రలో దగ్గరి చుట్టాల పెళ్ళిళ్ళ మీద లెక్కలు సేకరించింది ఆయనే. ప్రాణం ఇవ్వాల్సి వస్తే ఇద్దరు అన్నదమ్ముల కోసం గానీ, ఎనిమిది మంది మేనత్త, మేనమామ పిల్లల కోసం గానీ ఇస్తానని హాల్డేన్ సరదాగా అన్నట్టు చెప్పుకుంటారు. సొంత అన్నదమ్ములతో మనకు సగం జన్యువులు కలుస్తాయి, మేనమామ పిల్లలతో ఎనిమిదో వంతు. సరదా మాటే గానీ లెక్క సరిగ్గా ఉంది.

ఆ ఎనిమిదో వంతు మా ఇంటి సమస్య. మా అక్కను మావయ్య కొడుక్కి ఇవ్వాలని చిన్నప్పటి నుంచి అనుకుంటున్నారు. బావ మంచివాడు, అక్కకూ ఇష్టమే. నా ఒడియా స్నేహితురాలికి ఇది చెప్తే ముఖం అదోలా పెట్టింది. వాళ్ళల్లో ‘మాము ఝియ’ అంటే, మావయ్య కూతురంటే, చెల్లెలే. ‘చెల్లిని ఎలా చేసుకుంటారు?’ అని అడిగింది. మనకేమో పెద్దనాన్న కూతురు చెల్లెలు, మావయ్య కూతురు మరదలు. జన్యువుల లెక్కలో ఇద్దరూ ఒకటే. వరసలు మనం పెట్టుకున్నవి, జన్యువులకు వరసలు తెలియవు. ఆమె ఆచారం గొప్పదని, మనది మోటుదని నేను ఒప్పుకోను. కానీ ఒకే ఊళ్ళో పక్కపక్క ఇళ్ళలో ఒకరికి ధర్మమైనది ఇంకొకరికి పాపం అయినప్పుడు, ఆచారం ఒక్కదాన్నే పట్టుకుంటే జవాబు దొరకదు.

కాబట్టి లెక్క వేశాను. మా అమ్మమ్మలో ఒక చెడ్డ జన్యువు దాగి ఉందనుకుందాం. అది అమ్మకు వచ్చే అవకాశం సగం, అక్కకు వచ్చేది పావు. అటు మావయ్యకు సగం, బావకు పావు. ఇద్దరికీ వచ్చి, ఇద్దరి నుంచీ బిడ్డకు చేరే అవకాశం 64లో ఒకటి. అదే బావ స్థానంలో వెయ్యి మందిలో ఒకరికి ఆ జన్యువు ఉండే జనాభా నుంచి వచ్చిన అబ్బాయి ఉంటే, అది 16,000లో ఒకటి. ఇది ఒక్క జన్యువు సంగతి. మొత్తం మీద చూస్తే భయపెట్టేంత తేడా కాదు. ఇంగ్లాండులోని బ్రాడ్‌ఫర్డ్‌లో పుట్టిన పిల్లల మీద 2013లో వచ్చిన అధ్యయనంలో, పుట్టుకతో లోపాలు మామూలుగా 100కు 3 ఉంటే దగ్గరి చుట్టాల పెళ్ళిళ్ళలో 6 ఉన్నాయి. అంటే 100లో 94 మంది బాగానే పుడతారు. ‘మా ఇంట్లో అందరూ బాగానే ఉన్నారు కదా’ అనేవాళ్ళూ నిజమే చెప్తున్నారు. కానీ ఆ మిగిలిన ముగ్గురి తరఫున మాట్లాడేవాళ్ళు పెళ్ళిచూపుల్లో ఎవరూ ఉండరు. పుట్టబోయే బిడ్డ మాట్లాడలేదు కాబట్టి మనమే ఆలోచించాలి అని నా అభిప్రాయం.

మా అమ్మమ్మ వాదన వేరు. ‘బయట సంబంధాలు చేసుకుంటూ పోతే రెండు తరాల్లో ఇంట్లో తెలుగు ఉంటాదేటి? మన పిల్ల మనింటికెళ్తే మన మాట నిలుస్తాది’ అంటుంది. దీన్ని తేలిగ్గా తీసిపారెయ్యలేం. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడే దాకా మా గంజాం మద్రాసు రాజధానిలో ఉండేది. తర్వాత తెలుగు మా ఇళ్ళల్లో, ఇలాంటి కొద్ది బడుల్లో మిగిలింది. మేనరికాలు కూడా దాన్ని కాపాడాయేమో. కానీ భాష జన్యువుల్లో లేదు. జన్యువు కన్నవాళ్ళ నుంచి మాత్రమే వస్తుంది, భాష ఎవరి నుంచైనా వస్తుంది. మా వీధిలో ఒడియా పిల్లలు మాతో ఆడి ఆడి తెలుగు తిట్లతో సహా నేర్చుకున్నారు. తెలుగు అమ్మానాన్నలకు పుట్టి తెలుగు చదవడం రానివాళ్ళూ నాకు తెలుసు. భాష నిలబెట్టాల్సిన భారం ఆడపిల్ల పెళ్ళి మీద పెట్టి, బడికి పంపడం, పుస్తకం చదివించడం మానేస్తే అది ఎలా నిలుస్తుంది?

ఇంకో వైపు ప్రమాదం కూడా ఉంది. 2023లో కేంద్ర ప్రభుత్వం 2047 నాటికి సికిల్ సెల్‌ను నిర్మూలించాలని ఒక మిషన్ మొదలుపెట్టింది. రక్తం పరీక్షించి కార్డులు ఇస్తున్నారు, పెళ్ళికి ముందు కార్డులు చూసుకోమంటున్నారు. మంచిదే. కానీ కార్డు కూడా జాతకంలా మారి, జన్యువు ఉన్న అమ్మాయికి ‘దోషం’ అని ముద్ర వేస్తే? ఒక్క జన్యువు ఉన్న మనిషికి జబ్బు లేదు. అదే జన్యువు లేనివాళ్ళను చేసుకుంటే పిల్లలకూ ఆ జబ్బు రాదు. మంచి జన్యువులు, చెడ్డ మనుషులు అని కలిపేసినవాళ్ళు చరిత్రలో ఏం చేశారో చూశాం. 1933లో జర్మనీలో చట్టం చేసి మరీ బలవంతంగా పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేశారు. తెలుసుకుని ఎవరి నిర్ణయం వాళ్ళు తీసుకోవడం వేరు, ఇంకొకరు మన గురించి నిర్ణయించడం వేరు.

మా అమ్మమ్మ తన సొంత మేనమామనే చేసుకుంది. ఐదుగురు పుడితే ముగ్గురు మిగిలారు. ఆ ఇద్దరూ ఎందుకు పోయారో ఎవరికీ తెలియదు. ఆ రోజుల్లో జ్వరానికీ విరేచనాలకూ కూడా పిల్లలు పోయేవారు. మేనరికం వల్లే అని నేను అనను, అనడానికి నాకు హక్కూ లేదు. మా ఇంట్లో ఆ మాట ఎవరైనా అంటే అడ్డుపడతాను కూడా.

అక్కా బావా కలిసి డాక్టరు దగ్గరికెళ్ళి, ఇంట్లో ఎవరెవరికి ఏ జబ్బులున్నాయో చెప్పి సలహా తీసుకుంటామన్నారు. పరీక్షతో అన్నీ తెలియవని వాళ్ళకూ తెలుసు. నాన్న ఒప్పుకున్నారు. మావయ్య ఇంకా ఏమీ అనలేదు. అమ్మమ్మకు ఆ 64 లెక్క కాగితం మీద గీతలు గీసి రెండుసార్లు చెప్పాను. అంతా విని, ‘ఇది మా కాలంలో ఎవరూ చెప్పలేదేటి?’ అంది. నాకు ఏం చెప్పాలో తోచలేదు.