పడుకునే ముందు నిప్పు ఆర్పారా?

బక్రీద్ రెండోరోజు సాయంత్రం మన వీధుల్లో చాలా ఇళ్ల డాబాల మీద సిగ్డీ వెలుగుతుంది. పిల్లలు విసనకర్రతో బొగ్గులు విసురుతుంటారు, పెద్దలు సీకులు తిప్పుతుంటారు. చలికాలం వచ్చిందంటే తోటల్లో దావత్‌లు, పత్తర్ కా గోష్త్, రాత్రి చలిమంటలు. ఇవన్నీ ధర్మసమ్మతమైన ఆనందాలే. వాఖిఆ సూరాలో అల్లాహ్ నిప్పును తన అనుగ్రహాలలో ఒకటిగా పేర్కొన్నాడు. అది మనకొక జ్ఞాపిక అని, బాటసారులకు ఉపయోగపడే వస్తువని తెలిపాడు. అంటే ఆరుబయట బస చేసేవారి మంట ప్రస్తావన దివ్యఖుర్ఆన్‌లోనే ఉందన్నమాట!

అదే నిప్పు గురించి దైవప్రవక్త (సఅసం) మనల్ని హెచ్చరించారు కూడా. ఒక రాత్రి మదీనాలో ఇంటివారు లోపల ఉండగానే ఒక ఇల్లు కాలిపోయింది. ఆ సంగతి విన్న ప్రవక్త (సఅసం) నిప్పు మీకు శత్రువని, నిద్రపోయేటప్పుడు దాన్ని ఆర్పివేయమని ఆదేశించారు. హజ్రత్ అబూ మూసా అష్అరీ (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. ఎలుక దీపపు వత్తిని లాక్కెళ్లి ఇంటిని తగలబెట్టగలదని కూడా మరో హదీసులో హెచ్చరించారు.

ఈ హదీసులను మేము తరగతిలో ఎన్నోసార్లు బోధించాం. అయినా ఒక శీతాకాలం పెద్ద విద్యార్థులతో కలిసి ఊరి బయట మామిడితోటలో బస చేసినప్పుడు మేమే పొరపాటు చేశాం. రాత్రి చలి ఎక్కువైంది. వంట ముగిసిన సిగ్డీలో బొగ్గులు ఇంకా ఎర్రగా ఉన్నాయి. "పొగ రావడం లేదు కదా, గదిలో పెట్టుకోండి" అన్నాం. తెల్లవారుజామున ఒక పిల్లవాడు తలనొప్పితో లేచి, వాంతి చేసుకోవడానికి తలుపు తీశాడు. మిగతావారిని ఎంత కుదిపినా వెంటనే లేవలేదు. అందరినీ మోసుకొచ్చి ఆరుబయట పడుకోబెట్టి, ఆసుపత్రికి చేర్చాం. అల్హందులిల్లాహ్, అందరూ కోలుకున్నారు. హదీసును దీపానికే పరిమితం చేసుకున్న మా అవగాహన లోపం ఆ రాత్రి మాకు తెలిసొచ్చింది. ఈ ఆదేశం అన్ని రకాల నిప్పుకూ వర్తిస్తుందని ఇమామ్ నవవీ (రహ్మలై) ఏనాడో రాశారు. చదివాం, పట్టించుకోలేదు.

బొగ్గు మండేటప్పుడు కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు వెలువడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ప్రాణవాయువు ఉండవలసిన చోటును అది ఆక్రమిస్తుంది. నిద్రలో ఉన్న మనిషికి ఏం జరుగుతోందో తెలియదు. కిటికీ కాస్త తెరిచి ఉంచితే సరిపోతుందనుకోవడం భ్రమ. గదిలోకి గానీ, గుడారంలోకి గానీ, కారులోకి గానీ సిగ్డీని తీసుకెళ్లకూడదు.

ఇక కొందరు "తవక్కుల్ ఉండాలి మౌల్వీ సాబ్, రాసిపెట్టింది జరుగుతుంది" అంటారు. ఒంటెను కట్టి ఆ తర్వాత అల్లాహ్‌పై భారం వేయమన్న బోధన వీరికి ఎందుకు గుర్తుకు రాదో! పైగా నష్టం మనకు మాత్రమే కాదు. పొలంలో కొయ్యకాళ్లు తగలబెట్టినవాని మంట పక్క పొలానికి పాకితే ఏమిటన్న ప్రశ్నను హిదాయా గ్రంథం చర్చించింది. గాలి నిలకడగా ఉన్నప్పుడు అంటించి, తర్వాత గాలి మారితే అతనిపై బాధ్యత లేదు. గాలి వీస్తుండగా అంటిస్తే నష్టపరిహారం అతనే చెల్లించాలి. పక్కింటి డాబా మీద ఆరేసిన బట్టలకూ, వేసవిలో ఎండిన గడ్డికీ ఇదే న్యాయం వర్తిస్తుందని మేము భావిస్తాం. రిజర్వు అడవిలో నిప్పు రాజేయడం చట్టరీత్యా కూడా నేరం.

సోదరులారా! మండుతున్న బొగ్గులపై పెట్రోలు, కిరసనాయిలు పోయకండి. మంట ఆవిరిని పట్టుకుని చేతిలోని డబ్బా వరకూ వస్తుంది. సోదరీమణులు వేలాడే నైలాను దుపట్టాతో సిగ్డీ దగ్గర వంగకూడదు. మంట చుట్టూ వాగులోంచి తెచ్చిన తడిరాళ్లు పేర్చకండి, వేడికి పగిలి ముక్కలు ఎగురుతాయి. ఒంటిపై బట్టలు అంటుకుంటే పరుగెత్తకుండా నేలపై పడి దొర్లాలి. కాలిన చోట ఇరవై నిమిషాలు చల్లని నీళ్లు ధారగా పోయాలి. టూత్‌పేస్టు, సిరా రాయడం మన ఇళ్లలో ఇంకా పోలేదు. దానివల్ల మేలు లేదు, డాక్టరుకు గాయం కనబడదు.

ఆ రాత్రి తర్వాత మా మదర్సా విహారాల్లో ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఇషా నమాజు అయ్యాక ఒక విద్యార్థి బకెట్టు నీళ్లతో పొయ్యి దగ్గరికి వెళ్తాడు. ఆవిరి మొహానికి తగలకుండా పక్కన నిలబడి కొద్దికొద్దిగా పోస్తాడు. బూడిదను కర్రతో కలిపి మళ్లీ పోస్తాడు. అరచేతి వెనుక భాగాన్ని దగ్గరగా పెట్టి, వేడి తగలకపోతేనే తిరిగొచ్చి పడుకుంటాడు.